హార్డ్‌వేర్ షేర్లు, 4వ పాఠం: కొందామా, షార్ట్ చేద్దామా?

పోయిన పాఠంలో పీఈ, అంటే షేరు ధర ఒక్కో షేరు మీద లాభానికి ఎన్ని రెట్లుందో చూశాం. దాని మీద మిర్యాలగూడ నుంచి ఒకరు అడిగారు: "మెమరీ చిప్‌ల కంపెనీ పీఈ 6 ఉంటే చౌకే కదా సార్, కొనేయాలా?" సబ్బుల కంపెనీ అయితే బహుశా సరేననేవాణ్ణి. హార్డ్‌వేర్‌లో ఈ లెక్క తరచూ తిరగబడుతుంది. గిరాకీ మంచి ఊపు మీదున్నప్పుడు లాభం ఉబ్బుతుంది, పీఈ తక్కువగా కనపడుతుంది. అది చూసి కంపెనీలన్నీ ఉత్పత్తి పెంచుతాయి. ఆ సరుకంతా ఒకేసారి వచ్చిపడి సరుకు ధర, దాంతో లాభం కూలుతాయి.

అమెరికా మెమరీ చిప్‌ల కంపెనీ మైక్రాన్‌నే చూడండి. 2023 ఆగస్టుతో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో దాదాపు 580 కోట్ల డాలర్ల నష్టం. షేరు మాత్రం 2022 డిసెంబర్‌లోనే, 50 డాలర్ల దగ్గర అడుగు తాకేసింది. నష్టాల వార్తలు వస్తుండగానే 2023 చివరికి 85కి చేరింది. నష్టం చూసి షార్ట్ చేసినవాళ్లు, అంటే ధర పడ్డాక తిరిగి కొందామని చేతిలో లేని షేరును ముందే అమ్మినవాళ్లు, దెబ్బతిన్నారు.

లాభనష్టాలు ఆలస్యంగా చెప్పేదాన్ని గోదాములో సరుకు ముందే చెబుతుంది. మిల్లులో బియ్యం ఏడాది మాగితే పాతబియ్యమని రేటు ఎక్కువ పలుకుతుంది. చిప్‌కి, ల్యాప్‌టాప్‌కి ఆ అదృష్టం లేదు, కొత్త మోడల్ రాగానే విలువ పడిపోతుంది. అందుకే సరుకు ఎన్ని రోజులకు సరిపడా ఉందో లెక్కేయాలి. త్రైమాసికం చివర ఉన్న సరుకు విలువను, ఆ త్రైమాసికంలో అమ్మినవాటి ఖర్చుతో భాగించి 90తో గుణించండి. సరుకు 400 కోట్లు, ఖర్చు 300 కోట్లు అయితే 120 రోజులు. ముందు 80 ఉండి ఇప్పుడు 120 అయిందీ, అమ్మకాలు మాత్రం పెరగలేదూ అంటే నేనైతే కొనను.

ఒక మెలిక ఉంది. ఆ 400 కోట్లలో ముడిసరుకెంత, తయారైన సరుకెంత అన్నది విడిగా చూడాలి. పెద్ద ఆర్డర్లున్న సర్వర్ల కంపెనీ విడిభాగాలు ముందే కొని పెట్టుకుంటుంది, అది మంచి సూచనే కావచ్చు. తయారై అమ్ముడుపోనిదే ప్రమాదం. నా దృష్టిలో పీఈ కన్నా ఈ ఒక్క లెక్క ఎక్కువ చెబుతుంది.

ఇక షార్ట్. మన దగ్గర క్యాష్‌లో, అంటే మామూలు షేర్ల మార్కెట్లో, చిన్న ఇన్వెస్టరు షార్ట్ చేస్తే అదే రోజు తిరిగి కొనాలి, లేకపోతే ఆక్షన్‌కి పోతుంది: ఆ షేర్లను వేలంలో కొని ఖర్చు మన మీద వేస్తారు. నాలుగు రోజులు పట్టుకోవాలంటే ఫ్యూచర్స్, ఆప్షన్స్ (షేరు ధర మీద ముందస్తు ఒప్పందాలు) మామూలు దారి. అవి కూడా అన్ని షేర్లకూ ఉండవు. అమెరికా షేర్లు ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపడానికి ఆర్‌బీఐ ఇచ్చిన వెసులుబాటు) కింద డబ్బు పంపి కొనుక్కోవచ్చు గానీ, మార్జిన్ కోసం, అంటే షార్ట్ లాంటివాటికి పూచీగా కట్టే డబ్బు కోసం, పంపనివ్వరు.

దారి దొరికినా టైమింగ్ టెన్షన్ తప్పదు. అమెరికా సర్వర్ల కంపెనీ సూపర్ మైక్రో షేరు 2024ను సుమారు 285 డాలర్ల దగ్గర మొదలుపెట్టి, మార్చిలో 1,100 దాటింది. ఆగస్టులో, కంపెనీ లెక్కల్లో తేడాలున్నాయంటూ షార్ట్ చేసే సంస్థ హిండెన్‌బర్గ్ నివేదిక వచ్చింది. అక్టోబర్ 30న ఆడిటర్ తప్పుకున్నారన్న వార్తకు షేరు ఒక్కరోజే 33 శాతం దాకా పడి, 33 డాలర్ల దగ్గర ముగిసింది. అప్పటికే ఒక షేరును పదిగా విడగొట్టారు కాబట్టి పాత లెక్కలో అది 330. జనవరి మొదట్లో షార్ట్ చేసి, అనుమానం నిజమై, మార్చి దాకా మార్జిన్ కట్టి నిలబడినవాడు కూడా ఆ సాయంత్రానికి నష్టంలోనే ఉన్నాడు. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ (ఎఫ్ అండ్ ఓ) చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని సెబీ లెక్క తేల్చింది.

కాబట్టి సరుకు గుట్టలు పడుతున్న కంపెనీ కనపడితే మనలో చాలామందికి సరైన పని షార్ట్ కాదు, కొనకుండా ఉండడం. ఉన్నవి అమ్ముకోవడం కూడా.

ఈ వారం పని: ఏదైనా ఒక హార్డ్‌వేర్ కంపెనీ ఎంచుకుని, వరుసగా ఐదు త్రైమాసికాల సరుకు రోజులు కాగితం మీద వేయండి. పక్కన కొనడానికి ఒక కారణం, కొనకపోవడానికి ఒక కారణం రాయండి. 5వ పాఠంలో ఫ్యూచర్స్ లాట్, మార్జిన్ లెక్క చూద్దాం. అప్పటిదాకా షార్ట్ బటన్ జోలికి పోకండి.