కళ్ళు తిరుగుతున్నాయని తెలియగానే ఏం చేయాలి: సొమ్మసిల్లి పడిపోయే వాళ్ళకీ, పక్కన ఉండేవాళ్ళకీ

బడిలో ప్రార్థనకి ఎండలో నిలబడ్డ పిల్ల, ఉపవాసంతో హోమం పొగ ముందు కూర్చున్న పెళ్ళికూతురు, రక్తపరీక్షకి సూది గుచ్చగానే ముఖం పాలిపోయిన కుర్రాడు, అర్ధరాత్రి బాత్రూంకి లేచిన తాతగారు. కారణాలు వేరైనా వీళ్ళు పడిపోయే ముందు లోపల జరిగేది ఒకటే. మెదడుకి వెళ్ళే రక్తం కొన్ని సెకన్లపాటు తగ్గిపోతుంది.

మనిషి నిలబడగానే అర లీటరు దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువగా, రక్తం ఛాతీ నుంచి కాళ్ళలోకీ పొట్టలోకీ దిగుతుంది. మామూలుగా రక్తనాళాలు బిగుసుకుని, గుండె కాస్త వేగంగా కొట్టుకుని ఆ లోటు తీరుస్తాయి. సొమ్మసిల్లే సమయంలో ఇది తిరగబడుతుంది. బిగుసుకోవాల్సిన నాళాలు వదులవుతాయి, వేగస్ నరం గుండెని నెమ్మదింపజేస్తుంది, బీపీ ఒక్కసారిగా పడుతుంది. మెదడుకి రక్తం అందకపోతే 6 నుంచి 8 సెకన్లలో స్పృహ పోతుంది. నేలమీద పడగానే తల, గుండె ఒకే ఎత్తుకి వస్తాయి, కాళ్ళలో రక్తం వెనక్కి చేరుతుంది, మనిషి తేరుకుంటాడు. ఈ ఒక్క విషయం అర్థమైతే కింద చెప్పే పనుల్లో చాలావరకు ఎవరూ చెప్పకుండానే తడతాయి.

ముందు వచ్చే సూచనలు

చాలామందికి పడిపోయే ముందు కొన్ని సెకన్ల నుంచి ఒకటి రెండు నిమిషాల వ్యవధి దొరుకుతుంది. ఒళ్ళంతా వేడెక్కినట్టు ఉండి చల్లటి చెమట పడుతుంది. ఆవులింతలు వస్తాయి, కడుపులో తిప్పుతుంది, చెవుల్లో గుయ్యిమంటుంది. మాటలు దూరం నుంచి వినిపిస్తున్నట్టు ఉంటాయి. చూపు అంచుల నుంచి చీకటి పడుతూ లోపలికి వస్తుంది. ఒకసారి ఏ వరసలో వచ్చాయో తర్వాతి సారి కూడా దాదాపు అదే వరసలో వస్తాయి కాబట్టి, మీ మొదటి సూచన ఏదో గుర్తు పెట్టుకోండి. చూపు మసకబారేదాకా ఆగితే ఆలస్యమైనట్టే.

దెబ్బలు తగిలేది ఎక్కువగా ఈ వ్యవధిని పోగొట్టుకోవడం వల్లే. నలుగురిలో కూర్చుంటే ఏమనుకుంటారోనని నిలబడే ఉండిపోతారు. మంచినీళ్ళ కోసం వంటింట్లోకి నడుస్తారు. వాంతి వచ్చేలా ఉందని బాత్రూంకి పరుగెత్తి, తలుపు గడియ పెట్టుకుని, తడి నేలమీద పడతారు. సూచన వచ్చాక ఒక్క అడుగు కూడా నడవకండి.

ఆ కొద్ది సెకన్లలో

అన్నిటికంటే మంచిది ఉన్నచోటే పడుకుని కాళ్ళు గోడకో, సంచి మీదో, కుర్చీ మీదో ఎత్తి పెట్టడం. బట్టలు మాసిపోతాయనే మొహమాటం వద్దు. పడుకునే వీలు లేకపోతే గొంతుక్కూర్చోండి. పాదాలు నేలకి ఆనించి, పిరుదులు మడమల దాకా దించి కూర్చుంటే కాళ్ళూ పొట్టా నొక్కుకుని అక్కడి రక్తం పైకి వస్తుంది. కుర్చీలో కూర్చుని తల మోకాళ్ళ మధ్యకి వంచడం వీటికంటే తక్కువ పనిచేస్తుంది, ముందుకి పడిపోయే ప్రమాదమూ ఉంది.

దర్శనం క్యూలోనో, నిండిన బస్సులోనో అదీ కుదరదు. అప్పుడు ఒక కాలిమీదుగా రెండో కాలు అడ్డంగా వేసి నిలబడి తొడలు, పిరుదులు, పొట్ట గట్టిగా బిగించండి. బస్సులో పట్టుకోవడానికి ఒక చెయ్యి కావాలి కాబట్టి రెండో చేత్తో మడిచిన తువ్వాలో, బంతో గట్టిగా పిండండి. రెండు చేతులూ ఖాళీగా ఉంటే ఛాతీ ముందు వేళ్ళు పెనవేసి, విడదీస్తున్నట్టు చెరోవైపు లాగండి. తేలిక పడేదాకా బిగింపు వదలకూడదు. ఇందులో అందరూ చేసే తప్పు ఊపిరి బిగబట్టడం. ముక్కుతూ బిగిస్తే ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెకి తిరిగొచ్చే రక్తం ఇంకా తగ్గుతుంది. మామూలుగా ఊపిరి తీస్తూనే కండరాలు బిగించాలి. బాగున్న రోజుల్లో గోడ పక్కన నిలబడి రోజుకి రెండుసార్లు సాధన చేస్తేనే అవసరానికి శరీరం వింటుంది. తేలిక పడ్డాక కూడా కదిలిపోకుండా పడుకునే చోటు చూసుకోండి.

సూదికీ రక్తానికీ పడిపోయే వాళ్ళ సంగతి వేరు. వీళ్ళలో ముందు బీపీ, గుండె వేగం పెరిగి ఆ తర్వాత హఠాత్తుగా పడతాయి. "ఒళ్ళు వదులుగా ఉంచు, రిలాక్స్ అవ్వు" అని చెప్పడం వీళ్ళకి సరైన సలహా కాదు. సూది పెట్టని చెయ్యి, కాళ్ళు, పొట్ట 10 నుంచి 15 సెకన్లు, ముఖం వెచ్చబడేదాకా బిగించి, 20 నుంచి 30 సెకన్లు మామూలుగా వదిలి, ఇలా 5 సార్లు చేయాలి. రక్తం తీసే వాళ్ళకి ముందే చెప్పి పడుకునే ఇవ్వండి. రక్తదానానికి వెళ్తే ఖాళీ కడుపుతో వెళ్ళకుండా, ఇచ్చేముందు అర లీటరు నీళ్ళు తాగి, ఇచ్చాక కనీసం 15 నిమిషాలు అక్కడే ఉండండి.

పక్కన ఉన్నవాళ్ళు చేయాల్సింది

మన దగ్గర ఎవరైనా పడగానే నలుగురు చంకల కింద చేతులు వేసి లేపి కుర్చీలో కూర్చోబెడతారు. ప్రేమతో చేసే పనే గానీ చాలా ప్రమాదం. బీపీ పడిపోయిన సమయంలో తలని గుండెకంటే ఎత్తులో నిలిపి ఉంచితే తేరుకోవడం ఆలస్యమవుతుంది, ఫిట్స్ లాంటి కుదుపులు కూడా రావచ్చు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు అడుగు ఎత్తు లేపండి, మెడ దగ్గరా నడుము దగ్గరా బిగుతు వదులు చేయండి. తలకో మెడకో గట్టి దెబ్బ తగిలిందనిపిస్తే కదపకండి. ఆరేడు నెలల గర్భిణి అయితే వెల్లకిలా వద్దు, ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టాలి.

ఊపిరి ఆడుతోందా అని 10 సెకన్లు చూడండి. ఆడకపోయినా, ఎగశ్వాసలా అప్పుడొకటి ఇప్పుడొకటి వస్తున్నా అది సొమ్మసిల్లడం కాదు, గుండె ఆగింది. ఒకరు 108కి ఫోన్ చేస్తుండగా ఇంకొకరు ఛాతీ మధ్యలో రెండు చేతులతో 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి. ఊపిరి బాగానే ఉండి వాంతి వస్తుంటే పక్కకి తిప్పండి.

పూర్తి స్పృహ వచ్చేదాకా సోడా, కాఫీ, పంచదార, మంచినీళ్ళు ఏవీ నోట్లో పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయో చెప్పో వాసన చూపించడం వల్ల ఉపయోగం లేదు. అవి చేసిన కాసేపటికి మనిషి లేచాడంటే అది పడుకుని ఉండడం వల్ల. ముఖంమీద నీళ్ళు చల్లితే నష్టం లేదు, కానీ ముందు పడుకోబెట్టండి.

షుగర్ మందులు వాడేవాళ్ళయితే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువుండి, స్పృహలో ఉండి మింగగలిగితే 3 టీస్పూన్ల పంచదార నీళ్ళలో కలిపి ఇచ్చి, 15 నిమిషాల తర్వాత మళ్ళీ పరీక్షించాలి. స్పృహ లేకపోతే నోటితో ఏమీ ఇవ్వకుండా 108కి చెప్పాలి. ఎండలో పడిన మనిషి ఒళ్ళు కాలిపోతూ, జ్వరం 104 దగ్గరుండి, మాట తడబడుతుంటే అది వడదెబ్బ. ఒళ్ళంతా నీళ్ళతో తడిపి విసురుతూనే 108ని పిలవండి.

తేరుకోగానే లేపేయకండి. 10 నుంచి 15 నిమిషాలు పడుకోనిచ్చి, తర్వాత కొన్ని నిమిషాలు కూర్చోబెట్టి, అప్పుడు నిలబెట్టండి. మొదటిసారి కంటే రెండోసారి పడడంలో తల పగిలే వాళ్ళున్నారు.

సొమ్మసిల్లడమా, ఫిట్స్ వచ్చిందా

తెలుగులో మూర్ఛ అనే మాట రెండింటికీ వాడతాం. డాక్టరుతో "మూర్ఛపోయాడు" అని ఊరుకుంటే అవసరం లేని ఫిట్స్ మందులు మొదలయ్యే ప్రమాదం ఉంది, కాబట్టి చూసింది చూసినట్టు వర్ణించండి. సొమ్మసిల్లినప్పుడు కూడా చేతులు కాళ్ళు కాస్త కొట్టుకోవచ్చు. అది కొన్ని సెకన్లే ఉంటుంది, లేచాక మనిషి తానెక్కడున్నదీ త్వరగానే చెప్పగలుగుతాడు. ఫిట్స్‌లో కుదుపులు సాధారణంగా ఒకటి రెండు నిమిషాలు ఉంటాయి, నాలుక పక్క భాగం కొరుక్కుంటారు, తర్వాత చాలాసేపు అయోమయంగా ఉంటారు. బట్టల్లో మూత్రం పోవడం రెండింటిలోనూ జరుగుతుంది, దాన్నిబట్టి తేల్చలేం. ఒకరు సాయం చేస్తుంటే ఇంకొకరు ఫోన్‌లో వీడియో తీయడం తప్పేమీ కాదు, డాక్టరుకి ఎంతో పనికొస్తుంది.

మళ్ళీ రాకుండా

రోజుకి 2 నుంచి 2.5 లీటర్ల నీళ్ళు, వేసవిలో ఇంకాస్త ఎక్కువ. మూత్రం లేత పసుపులో ఉంటే సరిపోతున్నట్టు. గుండె, కిడ్నీ జబ్బులున్న వాళ్ళు మాత్రం డాక్టరు చెప్పిన కొలతే తాగాలి. ఉప్పు పెంచమని డాక్టర్లు కొందరికి చెబుతారు, కానీ బీపీ ఉన్నవాళ్ళు సొంతంగా మొదలుపెట్టకూడదు. ఆవకాయ, అప్పడాలు రోజూ ఉండే ఇంట్లో ఉప్పు ఇప్పటికే తక్కువేం కాదు. ఓఆర్ఎస్ ప్యాకెట్ వాడితే దానిమీద రాసిన కొలత నీళ్ళలో మొత్తం ఒకేసారి కలపండి. గ్లాసు నీళ్ళలో అందాజాగా కొంత పొడి వేస్తే ఉప్పు, గ్లూకోజు పాళ్ళు చెడతాయి.

పెద్దవాళ్ళలో సమస్య ఎక్కువగా లేచి నిలబడేటప్పుడే. పక్కమీద పడుకుని 5 నిమిషాలయ్యాక బీపీ చూసి, నిలబడ్డాక 1 నిమిషానికి, 3 నిమిషాలకి మళ్ళీ చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే కారణం దొరికినట్టే. కూర్చోబెట్టి ఒక్కసారి చూసిన బీపీలో ఇది బయటపడదు, అందుకే డాక్టరుని నిలబెట్టి చూడమని అడగండి. బీపీ మాత్రలు, మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు, ప్రోస్టేట్‌కి వాడే టామ్సులోసిన్, నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ దీనికి తరచుగా కారణమవుతాయి. సొంతంగా మానేయకుండా, వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకెళ్ళి చూపించండి. మంచం దిగేముందు అంచున కూర్చుని ఒకటి రెండు నిమిషాలు పాదాలు పైకీ కిందకీ ఆడించాలి. రాత్రిపూట మగవాళ్ళు కూడా కూర్చునే మూత్రం పోయాలి. వేణ్ణీళ్ళ స్నానానికి బాత్రూంలో స్టూలు వేసి, గడియ పెట్టకుండా చూడండి. కడుపునిండా అన్నం తిన్న గంట, రెండు గంటల్లో పడిపోతుంటే, అదే భోజనాన్ని తక్కువ తక్కువగా ఎక్కువసార్లు పెట్టండి.

ఆలస్యం చేయకూడని సందర్భాలు

పరుగెత్తుతుండగా, ఆడుతుండగా, బరువు మోస్తుండగా పడినా, పడుకుని ఉండగా స్పృహ తప్పినా, ముందు గుండె దడో ఛాతీ నొప్పో వచ్చినా, ఏ సూచనా లేకుండా కుప్పకూలినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉంటే, గుండె జబ్బు ముందే ఉంటే, నల్లటి విరేచనం అవుతుంటే, భరించలేని తలనొప్పి వచ్చి పడితే, 60 దాటాక మొదటిసారి పడితే కూడా అంతే. ఇవేవీ లేకపోయినా మొదటిసారి స్పృహ తప్పిన ప్రతి ఒక్కరికీ ఈసీజీ తీయాల్సిందే. నీరసమని సెలైన్ ఎక్కించి పంపేస్తే, నీళ్ళు తగ్గినవాళ్ళు తేరుకుంటారు గానీ గుండె లయ తప్పిన మనిషి ఏ పరీక్షా లేకుండానే ఇంటికి వచ్చేస్తాడు. సెలైన్ పెట్టించినా ఈసీజీ కాగితం అడిగి తీసుకుని దాచుకోండి, తర్వాత చూసే డాక్టరుకి అది కావాలి.

కారణం తేలి, డాక్టరు సరేననేదాకా బండి నడపకండి, మిద్దెమీద పనికి, నిచ్చెన ఎక్కడానికి, ఒంటరిగా ఈతకి వెళ్ళకండి. అనుమతి వచ్చాక కూడా సూచన కనిపించిన క్షణమే బండి పక్కకి ఆపి, స్టాండు వేసి, రోడ్డుకి దూరంగా పడుకోవాలి. దగ్గర్లోనే ఇల్లుందని ముందుకి పోనివ్వకండి.