మనిషి కుంచించుకుపోయే కథ రాయడం – 4వ పాఠం: కొలతలు

పోయిన పాఠంలో ఇల్లు ఎంచుకున్నాం: హనుమకొండలో పాత ఇల్లు, షాబాద్ బండల వంటగది, మూలన నల్లా ఉన్న రంజన్ (మట్టి నీళ్లకుండ). ఇక ఆ ఇంటి మనిషిని తగ్గిద్దాం. స్కేలు, క్యాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి.

1956లో వచ్చిన రిచర్డ్ మాథెసన్ నవల ‘ది ష్రింకింగ్ మ్యాన్’లో స్కాట్ కేరీ రోజుకు అంగుళంలో ఏడో వంతు తగ్గుతాడు. అంటే 3.6 మిల్లీమీటర్లు. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకు వచ్చే ఎండుమిర్చి ఒకటి చీల్చి, గింజను స్కేలు మీద పెట్టి చూడండి, దాదాపు అంతే ఉంటుంది. రోజుకో మిర్చిగింజ, వారానికో అంగుళం. ఆరడుగుల మనిషికి 72 వారాలు.

తగ్గే వేగం ఒకటే, భయం మాత్రం ఒకటి కాదు. మొదటి వారం ప్యాంటు అంచు నేలకు తగులుతుంది, అంతే. ఏడంగుళాలు మిగిలినప్పుడు అదే వారం ఎత్తులో ఏడో వంతు తీసుకుపోతుంది. అందుకే మొదటి ఏడాదిని మూడు పేజీల్లో దాటించి, చివరి వారానికి రోజుకో అధ్యాయం ఇవ్వండి.

కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది బరువు దగ్గర. ఎత్తు సగమైతే బరువు సగం కాదు, ఎనిమిదో వంతు. పొడవు, వెడల్పు, మందం మూడూ సగమవుతాయి కదా. వైశాల్యాన్ని బట్టి ఉండే బలం, చర్మం మాత్రం నాలుగో వంతు మిగులుతాయి. కాబట్టి బరువుతో పోలిస్తే బలం రెట్టింపు, ఒంట్లోంచి వేడి పోవడమూ రెట్టింపే.

అర అంగుళం దగ్గర మనిషి 144 రెట్లు చిన్నవాడు. 144 ఘనం సుమారు 30 లక్షలు. మొదట అతని బరువు 70 కిలోలనుకుని, దానితో భాగిస్తే 23 మిల్లీగ్రాములు. రంజన్ నల్లా నుంచి జారే చుక్క సుమారు 50 మిల్లీగ్రాములు! నానితే ఒంటికి అంటిన నీరే అతని బరువుకు సమానంగా ఉంటుంది, ముఖం మీది నీటిపొర దానంతట జారిపోదు. అదే మనిషి వంటగట్టు మీది నుంచి పడితే లేచి నడుస్తాడు, గాలే వేగాన్ని ఆపుతుంది. గట్టు అంచున వేలాడే సీను రాసి ఉంటే తీసేయండి, చుక్క పడే సీను పెట్టండి.

ఆకలి సంగతి. రెండంగుళాల దగ్గర అతని బరువు ఒకటిన్నర గ్రాము. పాలిచ్చే జంతువుల్లో అతి తేలికైన ఎట్రస్కన్ చుంచెలుక రెండు గ్రాముల లోపే ఉంటుంది, రోజూ తన బరువుకు మించి తింటేనే ఒళ్లు వెచ్చగా నిలుస్తుంది. అంతకన్నా చిన్న మనిషి బతకడానికి లెక్క ఒప్పుకోదు. అక్కడ మీరు ఒక్క మినహాయింపు తీసుకోవచ్చు, ఒక్కటే. రెండోది తీసుకుంటే చదివేవాళ్లు భయపడటం మానేస్తారు.

అభ్యాసం: 7, 2, అర అంగుళాల దగ్గర ఎత్తు, బరువు పట్టిక వేయండి. వంటింటి నేల మీద కూర్చుని బండల సందు ఎంత వెడల్పో, ఎంత లోతో కొలిచి ఆ పక్కనే రాయండి. వచ్చే పాఠంలో సాలీడును ఆ సందులోకే దింపుతాం.