రోడ్డు ప్రమాదంలో ఇంటి మనిషి చనిపోతే: పరిహారం కేసు వేయడం ఎలా

ముందు గడువు సంగతి. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు ట్రిబ్యునల్‌లో (రోడ్డు ప్రమాదాల పరిహారం కేసులు తేల్చే ప్రత్యేక కోర్టు) పిటిషన్ పడాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి ఇదే లెక్క. చార్జిషీటు వచ్చాక చూద్దాంలే అనుకునేసరికి ఈ గడువు గడిచిపోతుంది. ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు చేతికి రాగానే పిటిషన్ వేసి, చార్జిషీటు తర్వాత జతచేయొచ్చు. ప్రమాదం ఎక్కడ జరిగినా మీరు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు. పోలీసులు 48 గంటల్లో మొదటి నివేదిక, 90 రోజుల్లో వివరమైన నివేదిక ట్రిబ్యునల్‌కు పంపాలనే నిబంధన ఉంది గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

స్టేషన్ నుంచి ఎఫ్‌ఐఆర్, శవపంచనామా, మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు, బండి ఆర్సీ, డ్రైవర్ లైసెన్సు, ఇన్సూరెన్స్ పాలసీ నకళ్లు తీసుకోండి. డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కూడా కావాలి. డ్రైవర్‌ను, ఓనర్‌ను, ఇన్సూరెన్స్ కంపెనీని ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చండి. లైసెన్సు లేకపోతే కేసు పోయినట్టే అనుకోవద్దు. ముందు కంపెనీ కట్టి, తర్వాత ఓనర్ దగ్గర రాబట్టుకోమని ట్రిబ్యునళ్లు చాలాసార్లు చెబుతాయి.

పరిహారం లెక్క తెలిస్తే ఏ కాగితం ఎందుకో అర్థమవుతుంది. సొంత పని చేసుకునే 35 ఏళ్ల మనిషి, నెలకు 20,000 సంపాదన, భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఆధారపడ్డారనుకుందాం. ఏడాదికి 2,40,000. వయసు 40 లోపు కాబట్టి రాబోయే కాలంలో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలిపితే 3,36,000. ఆధారపడ్డవాళ్లు నలుగురు కాబట్టి మృతుడి సొంత ఖర్చుకు నాలుగో వంతు తీస్తే 2,52,000. దీన్ని వయసును బట్టి ఉండే ఒక అంకెతో హెచ్చవేస్తారు, అదే గుణకం. ఆ వయసుకు అది 16. మొత్తం 40,32,000. ఇది కాక భార్యకు, పిల్లలకు, తల్లికి తలా 40,000, అంత్యక్రియలకు 15,000, ఎస్టేట్ నష్టం (మృతుడి ఆస్తికి కలిగిన నష్టం) కింద 15,000 ఉంటాయి. ఈ మూడూ 2017 నాటి సుప్రీంకోర్టు తీర్పులోని అంకెలు, మూడేళ్లకోసారి 10 శాతం పెరుగుతాయి.

అదే మనిషి వయసు 41 అని తేలిందా, పెంపు 25 శాతానికి, గుణకం 14కి దిగి 31,50,000 అవుతుంది. దాదాపు 9 లక్షల తేడా! అందుకే పోస్టుమార్టం రిపోర్టులో ‘సుమారు 42’ అని రాసి ఉంటే ఇన్సూరెన్స్ వకీలు దాన్నే పట్టుకుంటాడు. టెన్త్ మెమో తెచ్చిపెట్టండి. పుట్టిన తేదీకి ఆధార్ రుజువు కాదని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది.

ఎక్కువ కేసులు నీరుగారిపోయేది ఆదాయం దగ్గర. జీతం సర్టిఫికెట్ ఒక్కటి దాఖలు చేస్తే సరిపోదు. ఇచ్చినవాళ్లు జీతాల రిజిస్టరుతో వచ్చి సాక్ష్యం చెప్పాలి. ఐటీ రిటర్నులు ఉంటే మేలు. మేస్త్రీ, డ్రైవర్ లాంటివాళ్లకు బ్యాంకు స్టేట్‌మెంటు, ఫోన్‌పే లావాదేవీలు, పని ఇచ్చినవాళ్ల సాక్ష్యం. ఇవేవీ లేకపోతే ట్రిబ్యునల్ తన అంచనా వేసుకుంటుంది, అది తక్కువే ఉంటుంది. గృహిణి చనిపోయినా ఇంటి పనికి విలువ కడతారు కాబట్టి కేసు వేయండి. ఎల్ఐసీ డబ్బు, ఫ్యామిలీ పెన్షన్ పరిహారంలోంచి తీసేయరు, దాచాల్సిన పనిలేదు.

ఒక ఉచ్చు ఉంది. 164వ సెక్షన్ కింద తప్పు ఎవరిదని చూడకుండా 5 లక్షలు వస్తాయి. కంపెనీతో సెటిల్‌మెంట్‌లో అది తీసుకుంటే 166 కింద వేసిన పిటిషన్ రద్దవుతుంది. పై లెక్కతో పోల్చి చూసుకోండి. ‘పదో పరకో ఇస్తాం, రాజీ పడండి’ అని బండి ఓనర్ తెచ్చే కాగితం మీద కూడా వకీలుకు చూపకుండా సంతకం పెట్టొద్దు.

గుద్దిన బండి దొరక్కపోతే దారి వేరు. హిట్ అండ్ రన్ పథకం కింద 2 లక్షలకు రెవెన్యూ అధికారికి దరఖాస్తు చేయాలి. సొంత బండి నడుపుతూ ఎవరినీ గుద్దకుండా తానే పడి చనిపోతే, పాలసీలో ఓనర్-డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉందో లేదో చూడండి. ఉంటే 15 లక్షలు.

తీర్పులో వచ్చిన మొత్తం తక్కువనిపిస్తే 90 రోజుల్లో హైకోర్టుకు వెళ్లొచ్చు. మైనర్ల వాటాను సాధారణంగా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టిస్తారు. చదువుకో వైద్యానికో మధ్యలో కావాలంటే అదే ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టి తీసుకోవచ్చు.