మంచి అబ్బాయిల ప్రేమ ఎందుకు కుదరదు, ఏం మార్చుకోవాలి

శ్రీకాకుళం, విజయనగరం కాలేజీల్లో ప్రతి క్లాసులోనూ ఇలాంటి కుర్రాడు ఒకడుంటాడు. అమ్మాయికి ల్యాబ్ రికార్డు రాసిపెడతాడు, నోట్సు జిరాక్సు తీయించి ఇస్తాడు, వానొస్తే ఆర్టీసీ కాంప్లెక్సు దాకా బండి మీద దింపుతాడు. రెండేళ్లు పోయాక మనసులో మాట చెబితే ఆమె బిత్తరపోతుంది. "నిన్నెప్పుడూ అలా అనుకోలేదు" అంటుంది. వాడికి ఉక్రోషం వస్తుంది: "ఇంత చేశాను కదా!"

చిక్కంతా ఆ "ఇంత చేశాను"లో ఉంది. ఆమెకు తెలియకుండా రెండేళ్లుగా వాడు పద్దు రాసుకుంటున్నాడు. అడగని అప్పు తీర్చమంటే ఎవరికైనా భయమే వేస్తుంది.

ముందు ఒక కాగితం తీసుకోండి. గత నెలలో ఆమెకు చేసిన పనులన్నీ వరసగా రాయండి. "నన్ను ఎప్పటికీ ఇష్టపడదని తెలిసినా ఇది చేసేవాణ్ణా?" అని ఒక్కోదానికీ ప్రశ్న వేసుకోండి. లేదు అని వచ్చినవి ఈ రోజే ఆపేయండి. ఆపి, మొహం మాడ్చుకుని తిరగకండి. అలగడం కూడా బాకీ వసూలే.

రెండోది "నీ ఇష్టం" అనే అలవాటు. "ఏటి తిందాం?" "నీ ఇష్టం." "ఏ సినిమాకెళ్దాం?" "నువ్వేదంటే అదే." అబ్బాయి దీన్ని గౌరవం అనుకుంటాడు. తేల్చే బరువు మాత్రం ప్రతిసారీ ఆమె మీదే పడుతుంది, ఎదుటివాడు ఎలాంటివాడో ఆమెకు తెలియనే తెలియదు. ఇష్టపడాలంటే ముందు మనిషి కనపడాలి కదా. "నాకైతే దోసె తినాలనుంది, నీకు వేరే ఏదైనా కావాలంటే చెప్పు" అనండి. ఆమెకు నచ్చిన సినిమా మీకు నచ్చకపోతే ఆ మాటే చెప్పండి, ఎందుకో ఒక్క ముక్కలో.

ఇక అడగడం. నాలుగైదుసార్లు తీరిగ్గా మాట్లాడుకుని, ఆమె కూడా తనంతట తాను మాట కలుపుతుంటే నాన్చకండి, నెలలోపే అడగండి. నాన్చిన కొద్దీ పద్దు పెరుగుతుంది. మనవి చిన్న ఊళ్లు. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో ఇద్దరు నిలబడి మాట్లాడితే ఆమె ఇంటికి చేరేలోపే కబురు చేరుతుంది, మాటలు పడేది ఎక్కువగా ఆమే. కాబట్టి చోటు ఆమెకు నచ్చినదే కావాలి. మొదటిసారే కళింగపట్నం బీచికి రమ్మనకండి. శ్రీకాకుళం నుంచి పాతిక కిలోమీటర్ల పైమాటే, తిరిగి రావాలంటే మీ బండే దిక్కవుతుంది. జనం తిరిగే చోటు, పగటిపూట, ఓ 40 నిమిషాలు, తన బస్సుకి తాను వెళ్లగలిగేలా చూడండి. విజయనగరంలో అయితే దసరా తర్వాత వచ్చే మొదటి మంగళవారం, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు మాత్రం వద్దు. ఆ రోజు చుట్టాలంతా ఊళ్లోనే ఉంటారు.

అడిగే మాట ఇలా ఉంటే చాలు: "నీతో మాట్లాడుతుంటే నాకు బాగుంటోంది. స్నేహం వరకే కాదు, ఇష్టంతో అడుగుతున్నాను. శనివారం నాలుగింటికి కాఫీకి వస్తావా? వద్దనిపిస్తే వద్దని చెప్పెయ్, ఏమీ అనుకోను."

"శనివారం కుదరదు, సోమవారం పర్లేదా?" అంటే ఆమెకూ ఇష్టముందన్నమాట. వేరే రోజు చెప్పకుండా "కుదరదు" అని ఊరుకున్నా, "చూద్దాంలే" అన్నా, "ఇంట్లో ఒప్పుకోరు" అన్నా, "నువ్వు నాకు అన్నయ్యలాంటోడివి" అన్నా వద్దన్నట్టే తీసుకోండి. మొహం మీద కాదంటే ఏం గొడవ చేస్తాడోనన్న భయంతో చాలామంది అమ్మాయిలు ఇలాగే చెబుతారు. ఇష్టం లేదని తెలిశాక కూడా వెంటపడటం, పదే పదే మెసేజ్‌లు పెట్టడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికే 3 ఏళ్ల దాకా జైలు, జరిమానా పడొచ్చు.

వద్దంటే, మర్నాడు ఆమె ఎదురైనప్పుడు మామూలుగా పలకరించి వెళ్లిపోండి. స్నేహితులతో రాయబారాలు వద్దు. రెండు మూడు నెలలు విడిగా మెసేజ్ పెట్టకండి. ఆమె రికార్డు మీ దగ్గర సగంలో ఉండిపోతే, అలాగే తిరిగి ఇచ్చేయండి.