రేసు కారుకి కొత్త సేఫ్టీ పార్ట్ వచ్చిందా? తిట్టే ముందు, పొగిడే ముందు ఈ పనులు చేయండి

2018లో ఫార్ములా వన్ కార్లకి హాలో, అంటే డ్రైవర్ తల చుట్టూ వంగి ముందు ఒక నిలువు స్తంభం మీద నిలబడే లోహపు చట్రం, తప్పనిసరి చేసినప్పుడు ప్రపంచమంతా ఫ్యాన్స్ దాన్ని హవాయి చెప్పు పట్టీ అన్నారు. మామూలు ఫ్యాన్సే కాదు, మెర్సిడెస్ బాస్ టోటో వోల్ఫ్ అయితే చేతికి రంపం ఇస్తే కోసి పారేస్తానన్నాడు. 1976లో రేసు ప్రమాదంలో మంటల్లో కాలి బతికి బయటపడ్డ డ్రైవర్ నికీ లాడా కూడా వద్దనే అన్నాడు. తర్వాత పెద్ద యాక్సిడెంట్లు జరిగాయి, డ్రైవర్లు నడిచి బయటికొచ్చారు, తిట్టిన నోళ్లే దణ్ణం పెట్టాయి. కొత్త పార్ట్ ఏది వచ్చినా ఇదే వరస. మొదటి రోజు తిట్లు, మొదటి ప్రమాదం తర్వాత పూజలు, రెండూ సరిగ్గా చూడకుండానే. శ్రీకాకుళంలో మా బ్యాచ్ చిన్నదే, యూరప్ రేసులకి ఆదివారం సాయంత్రం ఆరున్నరకల్లా ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక ఫ్రెండ్ రూమ్‌లో చేరతాం, కొత్తగా ఎవరొచ్చినా "ఏట్రా అది, డ్రైవర్ మొహానికి అడ్డంగా?" అనే అడుగుతారు. వాళ్లకి చెప్పీ చెప్పీ నాకు కుదిరిన పద్ధతి ఇది.

మొదటి ఫోటో బయటికొచ్చిన రోజు "బాగోలేదు" అనాలనిపిస్తే హాయిగా అనండి. అందం గురించి మాట్లాడే హక్కు ఫ్యాన్‌కి ఎప్పుడూ ఉంది. కానీ "బాగోలేదు" అన్న మాటని "పనికిరాదు" అనే దాకా లాక్కెళ్లొద్దు, అవి రెండూ వేరు. కళ్లు త్వరగానే అలవాటు పడిపోతాయి. ఇప్పుడు 2017 కారు ఫోటో చూడండి, డ్రైవర్ తల బయటికి అలా ఉంటే చూసేవాళ్లకే టెన్షన్.

రెండోది, అన్నిటికన్నా ముఖ్యమైనది: ఈ పార్ట్ ఏ ప్రమాదం కోసం వచ్చిందో వెతకండి. ఇది తెలియకుండా చేసే వాదన అంతా గాలిలో కత్తి తిప్పడమే. 2009 జూలైలో బ్రాండ్స్ హ్యాచ్‌లో ఫార్ములా టూ రేసులో వేరే కారు నుంచి ఊడిన చక్రం తలకి తగిలి హెన్రీ సర్టీస్ చనిపోయాడు, అప్పటికి ఆ అబ్బాయికి 18 ఏళ్లు. 2015 ఆగస్టులో పొకోనోలో అమెరికా వాళ్ల ఇండీకార్ సిరీస్ రేసులో ముందు కారు ముక్కు ఊడి జస్టిన్ విల్సన్ హెల్మెట్‌కి తగిలింది, అతనూ పోయాడు. ఓపెన్ వీల్ కార్లలో చక్రాలూ బయటే, డ్రైవర్ తలా బయటే. తలకి ఏదీ తగలకుండా ఆపాలనే ఆలోచన అలాంటి వాటి నుంచి గట్టిపడింది.

ఇక్కడే చాలామంది అన్నీ కలిపేస్తారు. 2009లో సర్టీస్ పోయిన వారంలోపే హంగరీలో ఫెలిపె మాస్సా హెల్మెట్‌కి ఒక స్ప్రింగ్ తగిలింది. అంత చిన్న వస్తువు హాలో సందుల్లోంచి దూరిపోగలదు, అందుకే దానికి జవాబుగా 2011లో హెల్మెట్ వైజర్ (కళ్ల ముందుండే అద్దం) పైభాగాన జైలాన్ అనే గట్టి పోగుల పట్టీ వచ్చింది. 2014లో సుజుకాలో వానలో జూల్ బియాంకీ కారు రికవరీ ట్రాక్టర్ కిందకి దూసుకెళ్లింది, తొమ్మిది నెలలు కోమాలో ఉండి 2015 జూలైలో చనిపోయాడు. ఆ ప్రమాదంలో అసలు ప్రశ్న ట్రాక్ మీద ట్రాక్టర్ ఉండగా కార్లు అంత వేగంగా ఎందుకు వెళ్తున్నాయని, దానికి వచ్చిన జవాబు 2015లో పెట్టిన వర్చువల్ సేఫ్టీ కార్, అంటే ట్రాక్ మీద ప్రమాదం ఉన్నప్పుడు కార్లన్నీ వేగం తగ్గించి తీరాలనే రూల్. కాబట్టి ఎవరైనా "హాలో ఉంటే వీళ్లందరూ బతికేవాళ్లు" అంటే ఆపండి. హాలోని ఇష్టపడే మనమే దానికి లేని గొప్పలు అంటగడితే, రేపు ఏదైనా తేడా వచ్చినప్పుడు నమ్మకం పోయేది దాని మీదే.

తర్వాత టెస్ట్ అంకెలు చూడండి, రెండు మూడు చాలు. హాలో టైటానియంతో చేస్తారు, బరువు సుమారు 7 కిలోలు. దాని మీద 116 కిలోన్యూటన్ల బలం, అంటే దాదాపు 12 టన్నుల బరువు, 5 సెకన్లు మోపినా తట్టుకోవాలి. మొదట్లో 20 కిలోల చక్రాన్ని గంటకి 225 కిలోమీటర్ల వేగంతో దాని మీదకి విసిరి కూడా చూశారు. ఈ రెండు ముక్కలు చెప్పాక రూమ్‌లో "అదేదో సన్న కమ్మీ కదా" అనే మాట మళ్లీ వినపడదు.

"మరి మధ్యలో ఆ స్తంభం ఉంటే దారి ఎలా కనపడుతుంది?" అనేది మాత్రం మంచి ప్రశ్న, తీసిపారేయొద్దు. దీనికి నేను నోటితో జవాబు చెప్పను. పెన్సిల్ ఒకటి ఇచ్చి, ముక్కుకి ఎదురుగా జానెడు దూరంలో నిలువుగా పట్టుకోమంటాను. గోడ మీద క్యాలెండర్ చూడమంటాను, పెన్సిల్‌ని కాదు. రెండు కళ్లతో చూస్తే పెన్సిల్ రెండు మసక చారలైపోతుంది, దాని వెనకున్న అంకెలు చదవొచ్చు. ఒక కన్ను మూయండి, వెంటనే పెన్సిల్ గట్టిపడి కొన్ని అంకెల్ని మింగేస్తుంది. డ్రైవర్ చూపు ఎప్పుడూ దూరంగా రాబోయే మలుపు మీదే ఉంటుంది, అందుకే మధ్య స్తంభం పెద్దగా అడ్డు రాదు.

ఇక ప్రమాదం జరుగుతున్నప్పుడు ఎలా ఉండాలి? 2020 నవంబర్ 29న బహ్రెయిన్‌లో మొదటి ల్యాప్‌లోనే రొమేన్ గ్రోజాన్ కారు బ్యారియర్‌ని చీల్చుకుని రెండు ముక్కలై భగ్గుమంది. అలాంటప్పుడు టీవీలో రీప్లే వెంటనే వేయరు, డ్రైవర్ క్షేమమని తెలిశాకే వేస్తారు. రీప్లే రాలేదంటే ఏదో ఘోరం జరిగిపోయిందని గ్రూపుల్లో రాసేయకండి, ఎవరో ట్రాక్ పక్క నుంచి తీసిన వీడియో వస్తే ఫార్వర్డ్ చేయకండి. ఆ డ్రైవర్‌కి ఇంట్లో భార్యాపిల్లలు ఉంటారు. ఆ రోజు అర నిమిషం లోపు గ్రోజాన్ మంటల్లోంచి పైకి లేచి బ్యారియర్ దూకాడు. గుద్దిన తాకిడి 67జీ, అంటే భూమి ఆకర్షణకి 67 రెట్లు. అంతకుముందు హాలో వద్దన్నవాళ్లలో అతనూ ఒకడు, ఆసుపత్రి మంచం మీద నుంచి మాట్లాడిన మొదటి వీడియోలోనే అది లేకపోతే ఇలా మాట్లాడేవాణ్ని కాదన్నాడు.

అయినా సరే, మర్నాడు హాలో ఒక్కదానికే దండ వేయొద్దు. ఏది పనిచేసింది, ఏది పనిచేయలేదు, రెండూ అడగండి. గ్రోజాన్‌ని హాలోతో పాటు డ్రైవర్ చుట్టూ గట్టి పెట్టెలా ఉండే సర్వైవల్ సెల్, నిప్పుకి ఆగే సూటు, మొదటి ల్యాప్‌లో కార్ల వెనకే వచ్చే మెడికల్ కారు కలిసి కాపాడాయి. కానీ స్టీల్ బ్యారియర్ అలా చీలిపోవడం మామూలు విషయం కాదు, ఆ ప్రశ్న కూడా అడగాల్సిందే. 2022లో సిల్వర్‌స్టోన్‌లో జో గ్వాన్‌యూ కారు తిరగబడి రోడ్డు మీద జారుకుంటూ వెళ్లినప్పుడు తల వెనకుండే రోల్ హూప్ (కారు తిరగబడితే తలని కాపాడే కమాను) విరిగిపోయింది, హాలో నిలబడింది. "హాలో సూపర్" అని అక్కడితో ఆగిపోతే రోల్ హూప్ సంగతి ఎవరడుగుతారు? అది విరగకూడదు కదా! అడిగారు కాబట్టే 2023కి దాని రూల్స్ గట్టిగా మార్చారు. ఫ్యాన్ చేసే విమర్శ ఇలా ఉండాలని నా కోరిక.

ఇండీకార్ ఏరోస్క్రీన్ మంచిదా, హాలో మంచిదా అనే గొడవ కూడా వస్తుంది. ఏరోస్క్రీన్ 2020 నుంచి ఉంది, టైటానియం ఫ్రేమ్‌కి ముందు పాలీకార్బొనేట్ అద్దం, చిన్న ముక్కల్ని కూడా ఆపుతుంది. కానీ లోపల వేడి పెరుగుతుంది, గాలికి దారులు చేయాల్సి వచ్చింది. ఫార్ములా వన్ కూడా 2017లో ఒక పారదర్శక షీల్డ్ ప్రయత్నించింది, డ్రైవర్ వెటెల్ ఒక్క ల్యాప్ తిరిగి కళ్లు తిరుగుతున్నాయని ఆపేశాడు. ఒక సిరీస్‌కి కుదిరింది ఇంకోదానికి కుదరాలని లేదు, ఇంతకు మించి దీని మీద రాత్రంతా వాదించుకోనక్కర్లేదు.

"ప్రమాదం లేకపోతే రేసు ఎందుకు గురూ?" అనేవాడు ప్రతి బ్యాచ్‌లో ఒకడుంటాడు. వాణ్ని వెటకారం చేయకండి, బైక్ హెల్మెట్ గురించి క్లాస్ పీకకండి, వాడికీ రేసంటే ప్రాణమే. 1960ల చివర్లో సీటు బెల్టులు, బ్యారియర్లు కావాలని పోరాడిన జాకీ స్టీవర్ట్‌ని కూడా పిరికివాడన్నారు, ఆయన మూడుసార్లు వరల్డ్ ఛాంపియన్. తర్వాత ఇటలీలో జరిగిన 2021 మోంజా రేసు చూపించండి. వెర్‌స్టాపెన్ కారు హామిల్టన్ కారు మీదకెక్కి, వెనక చక్రం సరిగ్గా తల మీదకి వచ్చి హాలో మీద ఆగింది. హాలో ఉన్నా ఇద్దరిలో ఏ ఒక్కడూ ఆ మలుపులో తగ్గలేదు, మనకి కావాల్సిన పోటీ అక్కడే ఉంది. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ రేసు చూసినవాళ్లు ఎవరైనా తెలిసుంటే వాళ్లని అడగండి, ఆ కార్లన్నిటికీ హాలో ఉంది, మజా ఏమైనా తగ్గిందా అని.

ప్రాక్టీస్‌కి 2026 రూల్స్ తీసుకోండి. ముందు ముక్కు భాగం రెండంచెలుగా విరిగేలా చేశారు, రోల్ హూప్ తట్టుకోవాల్సిన బలం 16జీ నుంచి 20జీకి పెంచారు. ముక్కు రెండంచెలు ఎందుకంటే, మొదటి దెబ్బకే మొత్తం ఊడిపోతే అదే కారు రెండోసారి గోడకి గుద్దినప్పుడు డ్రైవర్ కాళ్ల ముందు ఏమీ మిగలదు. ఈసారి కారు గోడకి గుద్దుకున్నప్పుడు రీప్లేలో అదే చూడండి: మొదటి దెబ్బ తర్వాత ముక్కు ఎంత మిగిలింది?