గర్భిణికి సీటీపీఏ తీశాక రిపోర్ట్ ఎటూ తేలకపోతే

సమస్య: ఎనిమిదో నెల. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు. ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ ఉందేమోనని సీటీపీఏ (ఊపిరితిత్తుల రక్తనాళాలను చూపే సీటీ స్కాన్) తీశారు. రిపోర్ట్‌లో ‘నాన్ డయాగ్నస్టిక్’ అని వచ్చింది. అంటే గడ్డ లేదని కాదు. ఆ కాగితం చూసి, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఆపేయకండి.

అసలు సీటీకి ముందు కాళ్లు చూశారా? దుప్పటి తీసి రెండు కాళ్లూ పక్కపక్కన చూడండి. గర్భిణుల్లో గడ్డ ఎక్కువగా ఎడమ కాలి సిరల్లోనే కడుతుంది. వాపు ఉంటే ముందు డాప్లర్ (రక్తనాళాల అల్ట్రాసౌండ్). తొడ సిరలో గడ్డ దొరికితే మందు ఎలాగూ అదే, ఛాతీ స్కాన్ అక్కర్లేదు. ఇంత తేలిక పరీక్షను వదిలేసి నేరుగా సీటీకి పంపడం చూస్తే బాధేస్తుంది. కాళ్లు బాగుంటే ఛాతీ ఎక్స్‌రే. అదీ బాగుండి, న్యూక్లియర్ మెడిసిన్ అందుబాటులో ఉంటే పర్ఫ్యూజన్ స్కాన్ (కొద్దిపాటి రేడియోధార్మిక మందు ఎక్కించి ఊపిరితిత్తుల్లో రక్తం ఎక్కడికి చేరుతోందో చూసేది) మేలు, తల్లి రొమ్ముకు డోసు చాలా తక్కువ. లేదంటే సీటీపీఏ. బిడ్డ గురించి టెన్షన్ వద్దు. రెండింటిలోనూ బిడ్డకు చేరేది 1 మిల్లీగ్రే (రేడియేషన్ కొలత) లోపే. హాని గురించి ఆలోచించేది 50 దాటాక. డి-డైమర్ (గడ్డలు కరిగేటప్పుడు రక్తంలో కనిపించే పదార్థం) గర్భంలో మామూలుగానే పెరుగుతుంది, అదొక్కటే చూసి స్కాన్ రాయకండి.

కారణం: నేను చూసినవాటిలో ఎక్కువసార్లు దోషం ‘గట్టిగా ఊపిరి పీల్చి బిగపట్టండి’ అన్న మాటదే. సీటీ గదిలో అందరికీ అలవాటుగా చెప్పేదే. నిండు గర్భిణి అలా పీల్చగానే కడుపులో ఒత్తిడి పెరిగి, ఛాతీలో తగ్గి, ఐవీసీ (శరీరం కింది భాగం నుంచి గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిర) నుంచి రక్తం ఒక్కసారిగా గుండె కుడి వైపుకు దూసుకొస్తుంది. అందులో కాంట్రాస్ట్ (రక్తనాళాలు స్కాన్‌లో కనిపించేందుకు చేతి సిరలోకి ఎక్కించే అయోడిన్ మందు) ఉండదు. చేతి నుంచి వస్తున్న కాంట్రాస్ట్ సరిగ్గా స్కాన్ తీసే ఆ కొన్ని సెకన్లలోనే పలచబడిపోతుంది. పైగా గర్భంలో రక్తం ఎక్కువ, గుండె వేగమూ ఎక్కువ, టైమింగ్ ఇంకా తప్పుతుంది.

గుర్తుపట్టడం ఇలా: ఎస్‌వీసీ (శరీరం పై భాగం నుంచి గుండెకు వచ్చే పెద్ద సిర) తెల్లగా మెరుస్తుంది, అయోర్టా (గుండె నుంచి శరీరానికి వెళ్లే పెద్ద ధమని) కూడా తెల్లగానే ఉంటుంది, మధ్యలో పల్మనరీ ఆర్టరీ (గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే ధమని) మాత్రం బూడిద రంగులో ఉంటుంది. కర్సర్ పెడితే 200 హౌన్స్‌ఫీల్డ్ (సీటీ బొమ్మలో తెలుపు ఎంతో చెప్పే కొలత) కూడా రాదు. కాంట్రాస్ట్ చాలలేదనుకుని అదే పద్ధతిలో మళ్లీ తీస్తారు. మళ్లీ అదే బొమ్మ వస్తుంది, రొమ్ముకు మాత్రం రెండింతల రేడియేషన్.

పరిష్కారం: టేబుల్ మీద పడుకోబెట్టాక రెండుసార్లు ప్రాక్టీస్ చేయించండి. ‘అమ్మా, మామూలుగా ఊపిరి తీసుకుని అక్కడే ఆపండి, ముక్కకండి.’ పొట్ట కదలికను గమనించండి, గట్టిగా పీలుస్తున్నట్టు కనిపిస్తే మళ్లీ చెప్పండి. మోచేతి మడతలో 18 గేజ్ కాన్యులా (సిరలో ఉంచే సన్నని గొట్టం), సెకనుకు 5 ఎంఎల్, వెనకే సెలైన్. ట్రిగ్గర్ (కాంట్రాస్ట్ చేరగానే స్కాన్ మొదలయ్యేలా గమనించే చోటు) పల్మనరీ ట్రంక్, అంటే పల్మనరీ ఆర్టరీ మొదలు మీద. ఎక్స్‌రే ట్యూబ్ వోల్టేజీ 100 కేవీ పెడితే కాంట్రాస్ట్ బాగా కనిపిస్తుంది, డోసూ తగ్గుతుంది. స్కాన్ మొదలయ్యేదాకా ఆమెను ఎడమకు ఒరిగి ఉండనివ్వండి.

ఇప్పటికే ఒకసారి చెడిపోయి, ఎక్స్‌రే బాగుంటే రెండో సీటీ కన్నా పర్ఫ్యూజన్ స్కానే అడగండి.

కాన్యులా జారిపోవడం, మిషన్ లోపం లాంటివి అరుదు, అక్కడికక్కడే తెలిసిపోతాయి. బీపీ పడిపోతుంటే మాత్రం ఈ వరుసంతా పక్కన పెట్టి మంచం దగ్గరే ఎకో చేయించండి. కాంట్రాస్ట్ ఇచ్చిన తల్లికి పుట్టిన బిడ్డకు మొదటి వారంలో థైరాయిడ్ పరీక్ష చేయిస్తే చాలు.