సిద్దీ ఆడవాళ్ల పద్ధతిలో బొంత కుట్టడం

మా కంచరపాలెంలో బొంతంటే పాత చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, ఆ కొస నుంచి ఈ కొస దాకా కుట్టుకుంటూ పోతాం. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీ ఆడవాళ్లు అంచు నుంచి నడుమకి వస్తారు. ఆఫ్రికా నుంచి పడమటి తీరానికి వచ్చినవాళ్ల సంతతి వాళ్లు. చాలామంది పూర్వీకుల్ని బానిసలుగా తెచ్చారు. వాళ్ల బొంతని కవంది అంటారు. మా వీధి ఆడపిల్లలకి నేను నేర్పేది ఇదే.

ఐదున్నర మీటర్ల నూలు చీరని మూడు మడతలు వేస్తే ఆరడుగుల పొడవొస్తుంది, వెడల్పు చీర పన్నా అంత. అదే బొంతకి అడుగు పొర. ఇంకా మందం చేస్తే మన విశాఖ గాలిలో ఆరదు. పాలియెస్టర్ వద్దు, చెమటకి ఒంటికి అంటుకుంటుంది.

ఒక మూల మొదటి ముక్క పెట్టి, పోగులూడే అంచు లోపలికి మడిచి, అడుగు పొర దాకా సూది దించి రన్నింగ్ కుట్టు, అంటే పైకీ కిందికీ వరసగా పోయే సాదా కుట్టు, వేయండి. రెండో ముక్క మొదటిదాని అంచుని కప్పాలి. అలా నాలుగు వైపులా తిరిగొచ్చాక లోపలి వరస మొదలు. కుట్టు వరసల మధ్య అరంగుళం చాలు. ముక్కలన్నీ ముందే కత్తిరించకండి, కాగితం మీద గీయకండి. కుట్టిన ముక్కని చూస్తేనే పక్కన ఏది నప్పుతుందో తెలుస్తుంది.

ఒరిపిడంతా అంచుకే కాబట్టి అక్కడ గట్టి గుడ్డ ఉండాలి. నేను మా నాన్న షిప్‌యార్డు యూనిఫాం వాడాను. నడుమకి నాన్నమ్మ మెత్తటి చీర. ఇంట్లో అందరి బట్టా ఒక్కటైనా పడాలి, ఈ విషయంలో నేను రాజీపడను.

మూలల్లో చిన్న గుడ్డల్ని ముక్కోణాలుగా మడిచి, దొంతరగా కుట్టే పువ్వు మానకండి. అది లేని బొంతని సిద్దీలు పూర్తయిందనుకోరు.

ఒక్కరే కూర్చోకండి. అమెరికా నల్లజాతి చిత్రకారిణి ఫెయిత్ రింగ్‌గోల్డ్ 1980లో తన మొదటి బొంతని, బట్టలు కుట్టే వృత్తిలో ఉన్న తల్లితో కలిసే చేసింది. మీరూ అమ్మనో అత్తనో ఎదుటి అంచు దగ్గర కూర్చోబెట్టండి.

కొందరు సిద్దీలు తమ మతాన్ని బట్టి శిలువో నెలవంకో కుడతారు. అవి చూసి దించకండి, మీ ఇంటి గుర్తు వేయండి. అమ్మితే మాత్రం ఈ పద్ధతి ఎవరిదో కొన్నవాళ్లకి చెప్పి తీరాలి.

ఉతికాక డాబా మీద రెండు వైపులా తిప్పి ఎండబెట్టండి. నడుమ చెయ్యి పెడితే చెమ్మ తగలకూడదు, అప్పుడే బీరువాలో పెట్టాలి.